ఆగని పొగ

మా బొగ్గు ప్లాంటును మూసేస్తామని చెప్పి ఆరేళ్లయింది. ఇంతవరకు మూసిన పాపాన పోలేదు.

కరెంటు అమ్మితే వచ్చేది బొగ్గు ఖర్చుకే చాలదు. దాన్ని బతికిస్తున్నది వేలంపాట. ఎండలు మండినప్పుడో, మంచు ముంచెత్తినప్పుడో పిలిస్తే పలుకుతామని ముందే మాటిచ్చిన ప్లాంట్లకు, ఊరికే సిద్ధంగా ఉన్నందుకు వేలంలో తేలిన ధర ప్రకారం డబ్బిస్తారు. ఆ డబ్బు చూసి కొత్త ప్లాంట్లు కట్టేవాళ్లు ముందుకు రావాలని ఏర్పాటు. వచ్చారు కూడా. కరెంటు లైన్లకు కలిపే అనుమతి దొరక్క వరసలో నిలబడ్డారు. ఈలోగా వేలంలో ధర పెరిగింది, మా ముసలి బాయిలరుకు కొత్త గొట్టాలు వేయించారు.

మా అక్క వెర్నాకు ఊపిరితిత్తుల జబ్బు. ఈ నదిలోయ తేమ పడదు, పొడిగాలి ఉండే అరిజోనా వెళ్లిపొమ్మన్నాడు డాక్టరు. వెళ్లేదెలా? బావ ఎమిల్ తనంతట తాను ప్లాంటులో ఉద్యోగం మానేస్తే వైద్యబీమా పోతుంది. ప్లాంటు మూతపడేదాకా ఉంటే ఇద్దరికీ జీవితాంతం ఉంటుంది. బీమా లేకుండా అక్క మందులు కొనడం మా తరం కాదు. అందుకని ఆవిడ దగ్గుతూ కూర్చుంది, మేం మూత కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

ఈ వేసవిలో దారి కనబడింది. ఏటా జరిగే పరీక్షలో ప్లాంటు రెండు గంటలు పూర్తి బలంతో నడవాలి. ఈసారి తప్పితే ఆ వేలం డబ్బు రాదు, ఇక మూసేస్తానని యజమాని ఖాయంగా చెప్పాడు.

"ఆ నీళ్లపంపు ఎలాగూ తడబడుతోంది," అన్నాడు బావ ముందురోజు. "నీటిమట్టం తగ్గితే బాయిలరు దానంతటదే ఆగుతుంది. ఎవరికీ దెబ్బ తగలదు. నేనేం పాడుచెయ్యక్కర్లేదు వెర్నా, చేతులు కట్టుకుని కూచుంటే చాలు."

"నువ్వా? చేతులు కట్టుకునా?" అక్క నవ్వబోయి దగ్గింది. అయినా కంచాలు పాతపేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది.

పరీక్షరోజు కంట్రోల్ రూములో నేనూ బావ పక్కనే డ్యూటీలో ఉన్నాను. మొదటి గంట బాగానే గడిచింది. తర్వాత పంపు తడబడింది, నీటిమట్టం జారడం మొదలైంది. అలారం మోగింది. బావ నిజంగానే చేతులు కట్టుకున్నాడు. నుదుటిమీద చెమట.

"బావా, వదిలెయ్," అన్నాను మెల్లగా.

"వదిలేశాన్రా."

మట్టం ఎర్రగీత దగ్గరికొచ్చింది. అంతే, ఆయన చెయ్యి లేచింది. రెండో పంపు మీట నొక్కింది, మంట సర్దింది, నీళ్లు పెంచింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. మట్టం మెల్లగా పైకొచ్చాక తన చేతివంక తనే వింతగా చూసుకున్నాడు.

పరీక్ష నెగ్గింది. మేనేజరు గార్డ్నర్ వచ్చి భుజం తట్టాడు. "ఎమిల్, నువ్వున్నంతకాలం దీనికి చావు లేదయ్యా!"

నాకు ఒళ్లు మండిపోయింది. కారు నేనే నడిపాను. బావ చేతుల్ని తొడలకింద పెట్టుకుని కూర్చున్నాడు. అది చూశాక నా కోపం నిలవలేదు.

ఇంటికెళ్లేసరికి క్యాబేజీ వేయించిన వాసన వస్తోంది. అక్క వంటింటి కిటికీలోంచి మా ప్లాంటు పొగగొట్టం కనబడుతుంది. ఆవిడ అట్టపెట్టెలోంచి కంచాలు తీసి మళ్లీ అలమరలో సర్దుతోంది.

"వెర్నా..." అన్నాడు బావ.

"తెలుసులే. పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నా, పొగ ఒక్కసారి కూడా ఆగలేదు," అంది అక్క. మూడు కంచాలు బల్లమీద పెట్టింది. "కూర్చో, చల్లారిపోతోంది."