రెండు కార్డులకీ ఒకటే బొటనవేలు

ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది: తప్పంతా పంతులమ్మదే. ఒప్పుకోవడానికి ఆవిడకి ఒక రోజు పట్టింది గానీ, తప్పు మాత్రం ఆవిడదే.

పంతులమ్మా, ఆవిడ చెల్లెలూ కవలలు. పంతులమ్మ పదకొండు నిమిషాలు ముందు పుట్టింది. ఆ పదకొండు నిమిషాల పెద్దరికాన్ని యాభై ఎనిమిదేళ్ళుగా చెల్లెలి మీద చెలాయిస్తూనే ఉంది. ఎక్కడికెళ్ళినా మాట్లాడేది అక్క, ఫారాలు నింపేది అక్క, ఆఖరికి డాక్టరు చెల్లెల్ని ఎక్కడ నొప్పి అని అడిగితే జవాబు చెప్పేదీ అక్కే. చెల్లెలు నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవారు. నాలుక ఉంది, దాన్ని తిప్పే సందే దొరకలేదు.

ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. కుదరబోయినవి పంతులమ్మకి నచ్చలేదు. రెండు గదుల ఇంట్లో కలిసే ఉంటున్నారు. పంతులమ్మ ముప్పై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పింది. గోడకి పటం తగిలించి, బెత్తంతో చూపిస్తూ సముద్రాలన్నీ పిల్లల చేత అప్పజెప్పించింది గానీ, ఒక్కదాన్ని కూడా కళ్ళారా చూసిన పాపాన పోలేదు. చెల్లెలు పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. రిటైరైన నెలలోనే పంతులమ్మ ఓడ ప్రయాణానికి రెండు టిక్కెట్లు కొనేసింది. ఏడు రోజులు, మూడు దేశాల రేవులు, సముద్రం వైపు కిటికీ ఉన్న గది. చెల్లెలి చేత సెలవు కూడా పెట్టించింది, అడగకుండానే.

ఓడ బయలుదేరడానికి తొమ్మిది రోజుల ముందు, కాగితాలు సరిచూస్తాం రమ్మని కంపెనీ వాళ్ళు కబురు చేశారు. పని చాలా చిన్నది. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు చూపించాలి, గాజు పలక మీద బొటనవేలు పెట్టాలి. ఓడ ఎక్కేటప్పుడూ, ప్రతి రేవులో దిగి ఎక్కేటప్పుడూ మనిషిని పోల్చుకునేది ఆ వేలిముద్రతోనేనట. పంతులమ్మ వేలు పెట్టింది, పచ్చదీపం వెలిగింది. చెల్లెలు పెట్టింది, ఎర్రదీపం. తుడిచి పెట్టింది, మళ్ళీ ఎర్రదీపమే. వెనక వరస పెరిగిపోతోంది, గుమాస్తా గడియారం వంక చూశాడు. పంతులమ్మకి అసలే ఓపిక తక్కువ. "నువ్వుండవే, కంగారుపడకు" అంటూ చెల్లెలి చెయ్యి పక్కకి నెట్టి, అలవాటు కొద్దీ తన వేలే పెట్టేసింది.

పచ్చదీపం వెలిగింది.

చెల్లెలి కార్డుకి అక్క వేలు ఎలా సరిపోయిందో గుమాస్తాకి అంతుపట్టలేదు. తెర వంకా, ఇద్దరి ముఖాల వంకా మార్చి మార్చి చూశాడు. పంతులమ్మకి మాత్రం ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది.

పదేళ్ళ కిందటి సంగతి. కార్డుల కోసం వేలిముద్రలు తీసే రోజు చెల్లెలి వేళ్ళని మిషను ఎంతకీ పట్టలేదు. ఆపరేటరు పక్కబల్ల వాడితో మాటల్లో పడి అటు తిరిగాడు. పంతులమ్మ టక్కున తన వేళ్ళు పెట్టేసింది. అయిపోయింది, పద అంది. ముఖాలెలాగూ ఒకటే కదా. ఆ తర్వాత చెల్లెలి వేలు ఎక్కడ కావలసి వచ్చినా పెట్టింది అక్కే. ఇన్నేళ్ళలో ఎవరూ పట్టుకోలేదు కాబట్టి అది తప్పన్న సంగతే ఆవిడ మరిచిపోయింది.

గుమాస్తా మర్యాదస్తుడే. కానీ రూలు రూలే. రెండు కార్డుల్లో ముఖమూ ఒకటే, వేళ్ళూ ఒకటే గనక, మిషను లెక్కలో ఇక్కడున్నది ఒక్క మనిషేనన్నాడు. రెండో మనిషి ఉన్నట్టు కార్డుల ఆఫీసు వాళ్ళు సరిచేసి ఇస్తే తప్ప ఓడ ఎక్కించలేమన్నాడు. ఆ రెండో మనిషి అక్కడే కుర్చీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని అంతా వింటోంది.

ఇంటికి నడిచి వస్తుంటే, చెల్లెలు మలుపు దగ్గర ఆగింది.

"నువ్వెళ్ళిరా అక్కా. సముద్రం చూడాలని నీకే కదా. నేను ఫొటోల్లో చూస్తాలే."

పంతులమ్మ ఒంటికాలి మీద లేచింది. వెళ్తే ఇద్దరం, లేకపోతే ఇద్దరం మానేద్దాం, ఇంకోసారి ఆ మాటన్నావంటే చూడు అని దారి పొడుగునా సాధించింది. సాధిస్తోందే గానీ, చెల్లెలి ముఖంలోకి చూడటానికి ఆవిడకి మొహం చెల్లలేదు.

మర్నాడు కార్డుల ఆఫీసుకి వెళ్ళారు. రెండో అంతస్తు, రంగు వెలిసిన కుర్చీలు, చేతికి టోకెను. వీళ్ళ నంబరు వచ్చేసరికి ఎదురుగా కళ్ళద్దాల ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. పంతులమ్మ కూర్చుంటూనే దండకం మొదలెట్టింది. మిషన్లు నాసిరకం, ఆపరేటర్లకి శ్రద్ధ లేదు, ప్రజలు ఎంతకని తిరుగుతారు అంటూ. ఆఫీసరమ్మ ఓపిగ్గా విని, కార్డు ఎవరిదని అడిగింది. చెల్లెలిదని పంతులమ్మ చెప్పింది. అయితే ఆవిణ్ణే చెప్పనివ్వండి అంది ఆఫీసరమ్మ.

ఆ గదిలో పంతులమ్మ నోటికి తాళం పడటం చెల్లెలే నమ్మలేకపోయింది. గోళ్ళు చూసుకుంటూ మెల్లగా చెప్పింది.

"నా వేళ్ళు పడలేదండి. అక్క తనవి పెట్టింది. నేను ఇబ్బంది పడుతున్నానని, జాలితోనేనండి."

తప్పించుకోవడానికి తలుపు బార్లా తీసినట్టే. ఔనండీ అంటే సరిపోయేది. పంతులమ్మ అసలు మాట తన నోటితోనే బయటపెట్టింది.

"జాలి కాదండి. ఆ మధ్యాహ్నం రెండింటికి నాకు క్లాసుంది. ఆలస్యమవుతుందని పెట్టేశాను."

ఆఫీసరమ్మ ఆ ముక్కనే కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుంది. పాత కార్డు రద్దు చేసి కొత్తది ఇస్తామనీ, చెల్లెలి వేళ్ళల్లో ఒక్కటైనా మిషను మీద పడాలనీ, ఏదీ పడకపోతే డాక్టర్ల బోర్డుకి వెళ్ళాలనీ, దానికి నెల పడుతుందనీ చెప్పింది. అక్కడికక్కడే పెట్టి చూశారు. పది వేళ్ళకీ పది ఎర్రదీపాలు. మిషను దగ్గరి పెద్దాయన చెల్లెలి అరచేతిని దీపం కిందకి లాగి చూశాడు.

తాపీ మేస్త్రీలకి ఇలాగే అరిగిపోతాయన్నాడు. ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. ఆసుపత్రిలో ఉతుకుతానని, ముప్పై తొమ్మిదేళ్ళయిందని చెల్లెలు చెప్పింది. ఆరు రోజులు సబ్బు, సోడా, తడి తగలనివ్వకుండా, పూటపూటా నూనె రాసుకుని ఏడోరోజు రమ్మన్నాడు. చర్మం కాస్త కోలుకుంటే ఒకటో రెండో పడొచ్చు, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. ఏడోరోజు తర్వాతి రోజే ఓడ.

చెల్లెలు సెలవు ఆరు రోజులు ముందే మొదలెట్టింది. ఇంట్లో ఆ ఆరు రోజులూ చూడాలి. అంట్లు పంతులమ్మవి, బట్టలు పంతులమ్మవి, నేల తుడవడం పంతులమ్మది. ఇంట్లో ఇంత పని ఉంటుందని ఆవిడకి ఏ పటంలోనూ కనిపించలేదు మరి. చెల్లెలు కుర్చీలో కూర్చుని, కాలు గాలిన పిల్లిలా నిమిషానికోసారి లేవబోతే, పంతులమ్మ గుడ్లురిమి కూలేసేది. చెంచాతో తినమంది, తలుపు గడియ కూడా తియ్యనివ్వలేదు. ఊరుకోలేక చెల్లెలు కుర్చీలోంచే పనులు పురమాయించడం మొదలెట్టింది. దుప్పటి అలా కాదు, అంచు నుంచి పిండాలి. సోడా ఎక్కువైంది. ఆ మూల వదిలేశావు. యాభై ఎనిమిదేళ్ళ బాకీ అంతా తీర్చుకుంటున్నట్టే ఉంది. పంతులమ్మ చెప్పినట్టల్లా చేసింది.

సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని నూనె రాసేది. మూడోరోజు రాస్తూ రాస్తూ ఆగిపోయింది. ఆ వేళ్ళు అరిగిపోయిన నాణెం లాగా నున్నగా ఉన్నాయి. గీతలన్నవే లేవు. ఒకే కడుపున, ఒకే రోజు పుట్టిన చేతులు. తనవి చూసుకుంది. సుద్దముక్క తప్ప బరువెరగని చేతులు. నాన్న పోయినప్పుడు, ఒకరు చదువు మాని పనిలోకి వెళ్ళాలన్న మాట వచ్చినప్పుడు కూడా మాట్లాడింది తనే. నేను చదువుతాను అంది. చెల్లెలు సరే అంది. అంతే, అయిపోయింది, పద.

"నీకూ చదువుకోవాలని ఉండేదా?" అని అడిగింది పంతులమ్మ.

చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది.

"ఉండేది. నువ్వడగలేదు."

"ఇప్పుడడుగుతున్నానుగా."

"ఇప్పుడు చెప్పానుగా."

పంతులమ్మకి ఏడుపు ఆగలేదు. బళ్ళో పిల్లలు చూస్తే నమ్మరు, వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గేసింది, చెల్లెలి మీద ప్రేమ పొంగుకొచ్చింది, తన మీద తనకే కోపమొచ్చింది. చెల్లెలు చప్పున చేతులు వెనక్కి లాక్కుంది.

"ఆ కన్నీళ్ళు నా వేళ్ళ మీద పొయ్యకు. తడి తగలకూడదన్నాడు ఆయన."

ఏడోరోజు ఆఫీసరమ్మ చెల్లెల్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. పంతులమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. లోపల ఏమడుగుతున్నారో, చెల్లెలు ఏం చెబుతోందో తెలియదు. నలభై నిమిషాలు గడిచాయి. రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళింది, రెండుసార్లూ తనే వెనక్కొచ్చి కూర్చుంది. మూడోసారి లేవబోతుంటే తలుపు తెరుచుకుంది. చెల్లెలు ఎడమచేతి చిటికెనవేలు పైకెత్తి చూపిస్తూ వచ్చింది. తొమ్మిది పడలేదు, ఇదొక్కటే పడింది. ఆ ఒక్కటీ చాలని కొత్త కార్డు అప్పుడే చేతిలో పెట్టారట. దారిలో ఆ వేలికి దుమ్ము తగులుతుందేమోనని పంతులమ్మ తన చేతిరుమాలు చుట్టింది.

ఓడరేవు హాలులో జనం కిటకిటలాడుతున్నారు. అద్దాల్లోంచి తెల్లటి ఓడ గోడలా కనిపిస్తోంది, దాని వెనక ఎక్కడో సముద్రం. చెల్లెలు ముందు వెళ్ళింది. ఎవరూ చెప్పకుండానే రుమాలు విప్పి, చిటికెనవేలు పలక మీద పెట్టింది. పచ్చదీపం. కటకటాల గేటు దాటి అవతల నిలబడింది.

పంతులమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం.

తుడిచి పెట్టింది. ఎర్రదీపమే. అప్పుడు చూసుకుంది తన వేలు. ఆరు రోజుల సోడా నీళ్ళకి తోలు లేచి, తెల్లగా పొరలు పొరలుగా ఊడుతోంది. వెనక జనం గొణుగుతున్నారు, మిషను దగ్గరమ్మాయి గడియారం చూసింది.

గేటు అవతలి నుంచి చెల్లెలు తల వంచి చూసింది.

"నా వేలు పెట్టనా అక్కా?"

మిషను దగ్గరమ్మాయి ఉలిక్కిపడింది. పంతులమ్మకి నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. చెల్లెలు ఆ అమ్మాయిని అడిగి గేటు ఇవతలికి వచ్చింది. అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలూ రుమాలుతో అద్ది, ఊది, చూపుడువేలు ఎంచి పలక మీద ఆనించింది. గట్టిగా నొక్కొద్దంది. ఎర్రదీపం వెలిగితే మళ్ళీ తుడిచి మళ్ళీ పెట్టించింది. వెనకవాళ్ళ వంక చూసి, కాస్త ఆగండి, పెద్దావిడ అంది.

"నువ్వుండక్కా, కంగారుపడకు. ఇవాళ నీకు క్లాసేం లేదు."

మూడోసారికి పచ్చదీపం వెలిగింది. చెల్లెలు ఆ చెయ్యి వదల్లేదు, అలాగే పట్టుకుని గేటు దాటించింది.