ఎడమచేతి యూరియా

ఆ ఏడు శ్రావణంలో వాన ఎంత చిత్రంగా కురిసిందంటే, పెబ్బేరు సంతకు వచ్చిన ఒక గొర్రెకు ముందు కాళ్లు తడిసి, వెనక కాళ్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయట. చూసినవాళ్లు నలుగురున్నారు. గొర్రెనే అడుగుదామంటే దాన్ని బోనాలకు కోసేశారు.

అలాంటి వానను నమ్ముకుని బతుకుతున్నవాడు ప్రభుదాసు. వరి పెట్టిన రైతు వానను నమ్ముకుంటే అర్థముంది. ప్రభుదాసుది గడ్డి. పశువులు మేసే గడ్డి కాదు, మనుషులు తొక్కే గడ్డి. వనపర్తిలో గద్వాల రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు, గద్వాలలో ఒక పెట్రోలు బంకు, నాగర్‌కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీ. ఈ మూడు చోట్లా లాన్ వేసిందీ, కోసేదీ, తడిపేదీ అతనే. పదిహేనేళ్లు హైదరాబాదులో పెద్దోళ్ల బంగళాల ముందు గడ్డి చాపలు పరిచి, ఆ పని చేతిలో పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాడు. వాళ్ల తాత బొంబాయి పోయాడు. తండ్రి డ్యాములు కడుతూ దేశమంతా తిరిగాడు. ‘మా ఇంట్ల సంచి సర్దుడు నాతోనే బంద్’ అని చర్చిలో సాక్ష్యం చెప్పినంత గట్టిగా చెప్పాడు ప్రభుదాసు.

చెప్పడం సులువే. మూడు లాన్లకు మూడు తిక్కలు. గద్వాలలో వాన దంచితే వనపర్తిలో ఎండ కాస్తుంది. వనపర్తిలో తడిసిందని సంతోషపడి నాగర్‌కర్నూలు పోతే అక్కడ నేల నోరు తెరుచుకుని ఉంటుంది. బండి మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, మధ్యలో ఆగి ఫోనులో వాన బొమ్మ చూడడం, తలెత్తి ఆకాశం చూడడం, మళ్లీ ఫోను చూడడం. అలా చూసీ చూసీ అతని మెడ వెనక్కి వంగిపోయిందనీ, చొక్కా కాలరు కుట్టించుకుంటే దర్జీ కొలత మార్చాడనీ బాబా అందరికీ చెప్పేవాడు. బాబా అతని జతగాడు. గడ్డి కోసే మిషన్ బాబాదే, నోరూ బాబాదే.

ఇంట్లో కూడా అంతే. పళ్లెం ముందు కూర్చుని కిటికీలోంచి మబ్బును చూస్తుంటే భార్య ఎస్తేరు అనేది:

“ముద్ద దిక్కు జూసి తిను. మబ్బు దిక్కు జూస్తే ముక్కులకు పోతది.”

“నీకేం తెల్సు? పడమర నల్లగైతుంది.”

“అది పొగ. పక్కింటోళ్లు పొయ్యి ముట్టిచ్చిన్రు.”

ఇంత కుదురులేనితనానికి ఆ వారం ఇంకో కారణం తోడైంది. ఫంక్షన్ హాలు యజమాని నాగేశ్ ఒక చదరపు గజం ప్లాస్టిక్ గడ్డి ముక్కను తెచ్చి ప్రభుదాసు కాళ్ల ముందు పరిచాడు.

“దాసూ, గిది జూడు. కొయ్యొద్దు, తడపొద్దు. నీ గడ్డికి వానొస్తే బురద, రాకుంటే ఎండుడు. గురువారం మధ్యాహ్నం నా మేనకోడలి పెండ్లి విందు. బుధవారం నాడు ప్లాస్టిక్ చుట్టలు లారీల వస్తయ్. అప్పటికి నీ గడ్డి కళకళలాడుతుంటే లారీ తిప్పి పంపుత. లేకుంటే పెండ్లి కాంగనే గడ్డి పెరికి, సిమెంటు పోసి, ప్లాస్టిక్ ఖాయం చేస్త.”

ప్రభుదాసుకు అర్థమైంది. ఈ హాలులో ప్లాస్టిక్ పడితే బంకువాడు వచ్చి చూస్తాడు. బంకువాణ్ని చూసి కాలేజీవాడు పరిపిస్తాడు. ఆ తర్వాత తను సంచి సర్దుకోవాల్సిందే.

ఇక అక్కడి నుంచి కాలు నిలిస్తే ఒట్టు. శనివారం ఆ హాలు బోరు మోటారు కాలిపోయింది. వైండింగుకు ఇస్తే, రాగి తీగ రాలేదు, మళ్లీ శనివారం దాకా ఆగమన్నాడు మెకానిక్. ఆదివారం చర్చి నుంచి నేరుగా హాలుకు వచ్చేసరికి పడమట మబ్బు పట్టింది. అలా ఇలా కాదు, కడుపుతో ఉన్న బర్రెలాగా నిండుగా, నింపాదిగా. ఫోను కూడా నాలుగు గంటలకు భారీ వాన అంది. ఫోనూ మబ్బూ ఒకే మాట మీద నిలబడడం ఆ ఏడు అదే మొదటిసారి.

ప్రభుదాసులో లాన్ మేస్త్రీ పక్కకు జరిగి, వరి రైతు లేచాడు. మబ్బు చూసి యూరియా చల్లడం పాలమూరు రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. నీళ్లు నిలిచిన మడిలో చల్లడం వేరు, ఎండిన లాన్‌లో చల్లడం వేరు, తడి లేకుంటే ఆకు మాడుతుంది అని హైదరాబాదులో సూపర్‌వైజరు వందసార్లు చెప్పాడు. కానీ చేతికి చెవులుండవు.

ఆ యూరియా కూడా ఊరికే రాలేదు. ఇంటి తిండికి పెట్టుకున్న అరెకరం వరికని పొద్దున్నే వరుసలో చెప్పులు పెట్టి, మూడు గంటలు నిలబడితే దొరికిన ఒక్క బస్తా. ఆ వరుసలో ఒకాయన చెప్పులు ఆయనకన్నా ముందే నడుచుకుంటూ పోయి బస్తా తీసుకున్నాయని ఊరంతా చెప్పుకుంది. అది కొంచెం పెంచి చెప్పిన మాట. నడిచింది ఒక్క చెప్పే.

నడుముకు తువ్వాల ఒడి కట్టుకుని, అందులో యూరియా పోసుకున్నాడు. బాబా మిషన్ ఆపి చూశాడు.

“దాసన్నా, హైదరాబాదుల గిట్లనే నేర్పిన్రా? నీళ్లు లేకుండ మందు?”

“నీళ్లు గదిగో, పైనున్నయ్.”

“పైనున్నయన్ని దిగుతయా? మా మామ మిద్దెక్కి పండుకుంటడు. బిర్యానీ అయ్యిందన్నా దిగడు.”

“జర నోరు మూస్తవా భాయ్? చల్లేటప్పుడు మాట్లాడితే చెయ్యి తప్పుతది.”

ప్రభుదాసుది ఎడమచేతి వాటం. వేదిక ముందు మొదలుపెట్టి, అడుగుకొక పిడికిలి, ఊపుగా చల్లుకుంటూ గేటు దాకా వెళ్లాడు. నాలుగు గంటలకు వాన వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే నాలుగు గంటలకు నాలుగు చుక్కలు వచ్చాయి. మందు గింజలు ఆకులకు అతుక్కోవడానికి ఎంత కావాలో అంత. తర్వాత మబ్బు లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్నట్టు, కొల్లాపూరు వైపు వెళ్లిపోయింది.

సోమవారం ఎండ కాసింది. ప్రభుదాసు వనపర్తంతా తిరిగి ఒక్క ట్యాంకరు పట్టుకొచ్చాడు. గేటు వైపు సగం లాన్ తడిసేసరికి ట్యాంకరు గొంతు ఎండిపోయింది. రెండో ట్యాంకరు దొరకలేదు. మంగళవారం ఎండ ఇంకా కాసింది. బుధవారం పొద్దున చూస్తే గేటు వైపు సగం నవనవలాడుతోంది. వేదిక వైపు సగం మాడిపోయింది. అదైనా ఒక్క తీరుగా మాడిందా అంటే లేదు. చెయ్యి ఊపిన చోటల్లా ఒక పచ్చటి చాలు వదిలి ఒక గోధుమరంగు కొడవలి, ఇంకో కొడవలి, ఇంకో కొడవలి. ఎవరో కొడవళ్లను వరుసగా ఎండకు ఆరబెట్టినట్టు.

“మాషా అల్లా, డిజైన్ మంచిగొచ్చింది,” అన్నాడు బాబా.

ప్రభుదాసు తిట్టడానికి నోరు తెరిచేలోపే గేటు ముందు లారీ ఆగింది. దాని వెనక కారు. కారులోంచి నాగేశ్, అతని తల్లి సత్యమ్మ దిగారు. సత్యమ్మకు డెబ్బై దాటాయి. హాలు కట్టిన భూమిలో ఒకప్పుడు ఆమె చేతులతోనే వరి నాటింది. ఆ మాట కొడుకుకు రోజుకు రెండుసార్లు గుర్తుచేస్తుంది.

నాగేశ్ మాడిన సగం వైపు చూశాడు. ప్రభుదాసు రాత్రంతా తయారుచేసుకున్న అబద్ధం బయటికి తీశాడు.

“తెగులు సారూ. హైదరాబాదుల గూడ గిదే నడుస్తుందంట. వాతావరణం ఖరాబైంది గద, దాంతోటి...”

సత్యమ్మ చెప్పులు విడిచి గడ్డిలోకి నడిచింది. ఒక కొడవలి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, వెనక్కి తిరిగింది.

“తెగులు కొడవలి లెక్క వస్తదా రా?”

సత్యమ్మ చేత్తో గాలిలో ఆ ఊపు కొలిచి చూసింది.

“అడుగుకొక్క పిడికిలి. మా మామ చల్లినట్లే చల్లిండు. ఊపే ఉల్టా ఉంది. ఎవడు రా ఇది ఎడమచేత్తోటి చల్లింది?”

బాబా మిషన్ బోల్టులు బిగించడంలో మునిగిపోయాడు. బిగించడానికి అందులో బోల్టులేమీ వదులుగా లేవు. ప్రభుదాసు ఎడమచెయ్యి తనంతట తానే వెనక్కి పోయి, నడుము చాటున దాక్కుంది. దాన్ని చూసి అతనికే సిగ్గేసింది. ముందుకు తెచ్చి చూపించాడు.

“నేనే అవ్వా. మబ్బు జూసి చల్లిన.”

“మరి తెగులని ఎందుకంటివి?”

“భయపడి.”

సత్యమ్మ వంగి మాడిన గడ్డి కుదురు ఒకటి పీకింది. వేరును గోటితో గీరి కొడుకు ముక్కు దగ్గర పెట్టింది. “చూడు. ఆకు మాడింది గని వేరు తెల్లగనే ఉంది. పాణం పోలే. మంచిగ నీళ్లు పడితే పది దినాలల్ల లేస్తది. పడకుంటే మాత్రం, రేపో ఎల్లుండో వేరు గూడ మాడుతది.”

“పది దినాలు పెండ్లి ఆగుతదా అమ్మా?” నాగేశ్ విసుక్కున్నాడు. “చుట్టాలొచ్చి గిదేం పొలం రా అంటరు. దింపున్రి చుట్టలు. మాడిన దిక్కు పరుసున్రి. పెండ్లి కానీ, సిమెంటు సంగతి తర్వాత జూస్త.”

మట్టి పైకి రాకుండా అడుగున నీళ్లు దిగని తాటిపత్రి కవరు పరిచి, దానిమీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు. పరిచినవాళ్లలో ప్రభుదాసు కూడా ఉన్నాడు. తన గడ్డి మీద తనే దుప్పటి కప్పుతుంటే, బతికున్న మనిషి ముఖం మీద గుడ్డ వేస్తున్నట్టు అనిపించింది. బాబా కూడా ఆ పూట జోకు వెయ్యలేదు.

గురువారం ఫోను ‘రోజంతా ఎండ’ అంది. పెళ్లివాళ్లందరూ ఫోనుకు దండం పెట్టారు. వనపర్తి మొత్తం మీద వాన రావాలని కోరుకున్నవాడు ప్రభుదాసు ఒక్కడే. ఆ మాట పైకి అంటే వంటవాళ్లే గరిటెలతో కొడతారు. కుర్చీలు సర్దాడు, మళ్లీ సర్దాడు. గేటు దాకా పోయి వచ్చాడు. వంగి ప్లాస్టిక్ అంచు ఎత్తి కింద చెయ్యి పెట్టి చూశాడు. పొయ్యి మీది పెనంలా కాలుతోంది. రేపటి దాకా వేరు బతికుండదు.

“దాసన్నా, కూసో. కుర్చీలన్నీ నువ్వే సర్దితే చుట్టాలకు కూసునుడే పని మిగులుతది,” అన్నాడు బాబా.

“కూసుంటే ఊపిరాడతలేదు భాయ్.”

లాన్ మీద రెండో బంతి లేచి మూడో బంతి కూర్చుంటుండగా, ఎటు నుంచి వచ్చిందో తెలియదు, వాన వచ్చింది. మబ్బు పట్టడం, గాలి వీయడం, ఉరమడం లాంటి మర్యాదలేవీ పాటించలేదు. నేరుగా దిగింది. సాంబారు పోసిన విస్తళ్లలో సాంబారు తగ్గలేదు, పెరిగింది. ఒకాయన గారె కొరికేలోపు అది పెరుగు గారె అయిందని తర్వాత చెప్పుకున్నారు. చుట్టాలందరూ విస్తళ్లు పట్టుకుని హాల్లోకి పరుగెత్తారు.

ప్రభుదాసు మాత్రం ఎదురు పరుగెత్తాడు.

గేటు వైపు గడ్డి తాగుతోంది. వేదిక వైపు ప్లాస్టిక్ మీద మడమ లోతు నీళ్లు నిలిచాయి. పైన అంత వాన, కింద చుక్క లేదు. మూడు రోజులు మొక్కితే వచ్చిన వాన, తను పరిచిన కవరు మీదే పడి కాలువలోకి పోతోంది. అడ్డమున్న కుర్చీలు తోసేసి, మొదటి చుట్ట కొస పట్టుకుని లాగాడు. నీళ్లు మింగిన ప్లాస్టిక్, పండుకున్న దున్నపోతులా కదలనంది. బాబా వచ్చి చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి కింది కవరుతో సహా ఒక చుట్ట చుట్టేసరికి మెట్ల మీదినుంచి నాగేశ్ అరుపు వినిపించింది.

“దాసూ! ఏం చేస్తున్నవ్ రా? మగపెండ్లివారు చూస్తున్నరు! ఇజ్జత్ తీస్తున్నవ్!”

“తీస్తున్నది కవరు సారూ! ఇజ్జత్ తర్వాత కడ్తా! మీ అమ్మ చెప్పిన నీళ్లు గివే! గిప్పుడు పోతే మళ్ల రావు!”

నాగేశ్ గొడుగు పట్టుకుని కోపంగా దిగాడు. సగం దూరం వచ్చాక ఆగాడు. చుట్ట తీసిన చోట మాడిన కొడవళ్లు బయటపడ్డాయి. వాటి మీద పడ్డ నీళ్లు పడ్డట్టే ఇంకిపోతున్నాయి. గుప్పుమని ఒక వాసన లేచింది, ఎండిన మడికి మొదటి తడి కట్టినప్పుడు లేచే వాసన. నాగేశ్ ముక్కు ఆ వాసనను గుర్తుపట్టింది. ముఖం గుర్తుపట్టనట్టు ఉండాలని చూసింది గానీ కుదరలేదు.

వరండాలోంచి సత్యమ్మ కేకేసింది.

“నాగా! గుడ్లప్పగించి ఏం జూస్తున్నవ్? ఆ కొస పట్టు!”

“పట్టుచొక్కా అమ్మా!”

“చొక్కా ఇంకోటి కొంట. కొస పట్టు!”

నాగేశ్ గొడుగును గడ్డిలో పారేసి, పంచె ఎగగట్టి కొస పట్టాడు. రెండో చుట్ట లేచింది. మూడోది లేచింది. హాలు కిటికీల నిండా చుట్టాల ముఖాలు. ఎవరో ఈల కూడా వేశారు. నాగేశ్ ఒంటి మీది బురద చూసి, నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాడు.

“లారీవాన్ని రమ్మంట. రేపు గివన్ని తీస్కపోనీ. గని దాసూ, దసరాకు గిది పచ్చగ లేకుంటే...”

“ఉంటది సారూ.”

“మబ్బు జూసి మళ్ల చల్లితివో, ఆ ఎడమచెయ్యి ఇరగ్గొడ్త.”

“జర గుంజుండ్రి సారూ, మాటలు తర్వాత.”

వేదిక పక్కన ఆఖరి చుట్ట ఒకటి మిగిలింది. అప్పటికే చినుకు సన్నబడుతోంది. ప్రభుదాసు తలెత్తి చూశాడు. పడమట ఆకాశం తెల్లబడుతోంది. “ఆగు, జర ఆగు,” అని వానను బతిమాలుతూ పరుగందుకున్నాడు. అతని వెనక బాబా, బాబా వెనక పంచె జారుతున్న నాగేశ్. ముగ్గురూ ఆఖరి చుట్ట మీద పడ్డారు.