తప్పొక చోట, గుండొక చోట

మొగవాడి చేత క్షమాపణ చెప్పించడం ఇంత కష్టమని ముందే తెలిసుంటే లోకేశ్వరి ప్రేమకథల జోలికి వచ్చేదే కాదు. ఏ దయ్యాల కథలో రాసుకునేది. దయ్యాలే నయం, నిలదీసి అడిగితే ఎందుకు పట్టుకున్నాయో చెబుతాయి.

ఆమె రాసేది ఫోన్లో వినే సీరియల్. తిరుపతిలో తన ఇంట్లో కూర్చుని వారం వారం రాసి పంపితే, హైదరాబాదులో ఎవరో చదివి రికార్డు చేస్తారు. కథానాయకుడి పేరు వంశీ. తప్పు చేయడంలో దిట్ట. చేశాక మాత్రం నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు మూతి బిగించుకుని కూర్చుంటాడు. మొన్నటి భాగంలో, భార్య మొదటిసారి పెట్టుకున్న బొమ్మల ప్రదర్శనకు వస్తానని చెప్పి ఎగ్గొట్టాడు.

"మేడం, వంశీని జనం భరించలేకపోతున్నారు," అని పొద్దున్నే ఫోన్ చేసింది ఆ సీరియల్ వ్యవహారాలు చూసుకునే మోక్షిత. "హీరోకి లోపాలుండాలి, కాదనను. కానీ వింటుంటే జాలి కూడా పుట్టాలి కదా! సాయంత్రంలోగా సారీ చెప్పించేయండి. ఒక పేజీ డైలాగు, కాసిని కన్నీళ్లు. అంతే."

అంతేనట! అప్పటి నుంచి లోకేశ్వరి రాస్తోంది, కొట్టేస్తోంది. "నీ కన్నీటికి కారణం నేనే" అని వంశీ మొదలుపెట్టగానే ఆమెకే నవ్వొచ్చింది. ఏ మొగవాడు ఇలా మాట్లాడాడు? తన నాయన మాట్లాడాడా? మునిచంద్ర మాట్లాడాడా?

అసలు మంట అక్కడే ఉంది. మునిచంద్ర ఆమె మొగుడు, రేణిగుంటలో ఒక గోడౌన్‌కి సూపర్వైజరు. పోయిన ఆదివారం శ్రీకాళహస్తిలో ఆమెకు సన్మానం జరిగింది. జన్మలో మొదటి శాలువా. తప్పకుండా వస్తానన్నాడు. పక్క కుర్చీలో చేతిసంచి పెట్టి, అడిగిన వాళ్లందరికీ "ఆయనొస్తాడండీ" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. రాలేదు. ఫోను లేదు. ఇంటికొచ్చాక సంజాయిషీ కూడా లేదు. "తప్పయిపోయింది" అన్న ఒక్క మాట అతని నోటి నుంచి వినేదాకా పలకనని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఆ కడుపుమంటతోనే వంశీ చేత కూడా అదే తప్పు చేయించింది.

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. మునిచంద్ర గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో లడ్డు కవరు. నున్నటి తల మీద తడి ఆరని గంధం.

లోకేశ్వరి ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసింది.

"మళ్లా గుండా!"

ఇది కొత్తేం కాదు. ఆమె తమ్ముడి పెళ్లిలో అలిగి గొడవ చేసినప్పుడూ గుండే. ఆమెతో ఒక మాటైనా అనకుండా ఉద్యోగం మారినప్పుడూ గుండే. తప్పు చేయడం, కొండెక్కడం, తల అప్పజెప్పి వచ్చి లడ్డు పట్టుకుని ఎదురుగా నిలబడటం. "ఎంత భక్తో మీ ఆయనకు" అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటుంటే ఈమెకు ఒళ్లు మండిపోయేది.

"తప్పు నా దగ్గర చేసి, జుట్టు ఆయనకిచ్చొస్తివా? ఆయనేమన్నా శాలువా కప్పుకోని నీ కోసరం వాకిలి దిక్కు సూస్తా కూసున్నాడా?"

మునిచంద్ర లడ్డు ముందుకు చాపాడు.

"లడ్డు ఎవురికి కావాల? నాకు మాట కావాల! బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు, నా కోపానికీ నీ గుండుకూ ఏం సంబంధం?"

"ఆ మాట ఆడ చెప్పినాను," అన్నాడు మెల్లగా.

"ఎవురికి? సామికా?"

"సామి ముందర యాడ నిలబడనిస్తారు! గుండు గీసే ఆయనకు. ఏమప్పా, ఏం మొక్కు అని అడిగినాడు. తల వంచుకోనుంటే మాట దానంతట అదే వచ్చేసింది. అంతా చెప్పినాను."

లోకేశ్వరికి తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. కట్టుకున్న పెళ్లాం మూగనోము పట్టి మరీ ఎదురుచూసిన మాట, ఊరూపేరూ తెలియని మనిషికి దక్కింది! విసవిసా వంటింట్లోకి వెళ్లి పీట తెచ్చి అతని ముందు పడేసింది.

"కూసో."

కూర్చున్నాడు.

"తల వంచు."

వంచాడు. చెవి వెనక బ్లేడు గీసుకున్న ఎర్రటి గాటు కనిపించింది. మనసు మెత్తబడబోతే బిగబట్టుకుని, ఆమె అతని వెనక్కి వెళ్లి నిలబడింది.

"ఏమప్పా, ఏం మొక్కు?"



"మా ఇంటామెకు తప్పు చేసినాను," అన్నాడు మునిచంద్ర, నేలతో చెబుతున్నట్టు. "తప్పయిపోయింది. శాలువా కప్పే దినం పోలేదు. పోదామనే బయల్దేరి కాళహస్తి బస్టాండులో దిగినాను గూడా."

"దిగి?"

"భయమేసింది. ఆ వంశీగాడు నేనే కదా! మా డ్రైవర్లంతా ఇంటారు ఆ కథ. వాడు నోరు మూసుకున్నప్పుడల్లా నా మొకం సూసి నవ్వుతారు. ఆ కథ కింద జనం రాసేటివి గూడా సదవతానే ఉండా. ఇట్లాంటి మొగుడు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అని ఒకామె రాసిండాది. ఆ సభకు వచ్చేదీ వాళ్లే కదా. వాళ్ల మధ్యలో నీ పక్కన ఎట్ల కూసునేది? పైగా ఆమె రాసినదానికి నువ్వు లవ్ గుర్తు పెట్టినావు. ఎర్రది."

పెట్టింది. ఆ ఒక్కదానికే కాదు, వంశీని తిట్టిన ప్రతివాళ్లకూ పెట్టింది. పెట్టినప్పుడల్లా ఆమె కడుపు చల్లబడింది. ఇంతమంది తన తరఫున తిడుతున్నారని మురిసిపోయిందే గానీ, తిట్లు తినేవాడు పక్క గదిలో పడుకుని అవన్నీ చదువుతున్నాడని తట్టలేదు. తనకు డెంగీ వచ్చినప్పుడు గోడౌన్ మానేసి, నుదుటి మీద తడిగుడ్డలు మార్చి, గంజి కాచి తాగించింది ఈ మనిషే. ఆ గంజి ఒక్కసారైనా వంశీ చేత కాయించలేదు. మొగుడి లోపాలన్నీ వాడి పేర రాసేసి, మంచిదంతా తన దగ్గరే దాచుకుంది. ఇక జనానికి జాలి ఎక్కణ్ణుంచి పుడుతుంది? ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఫోన్ మోగింది. మోక్షిత. మోగనిచ్చింది.

తప్పయిపోయింది అనాలి. ఎంతసేపు? పొద్దున్నుంచి వంశీ కోసం ఆ మాటనే ఎన్నో రకాలుగా రాసింది. తీరా ఇప్పుడు అందులో ఒక్క రకమూ నోటికి రాలేదు.

"రేపు నేను గూడా కొండకు పోతా," అంది చివరికి. "జడ కొనకు మూడు కత్తెర్లు వేయించుకోనొస్తా."

మునిచంద్ర తల ఎత్తి, వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. ఆదివారం తర్వాత చూడటం అదే మొదలు.

"తప్పు నా దగ్గర చేసి, జుట్టు ఆయనకిస్తావా?"

లేచి, పీట ఆమె వైపు జరిపాడు. లోకేశ్వరి కూర్చుని తల వంచింది. అతను వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఏమమ్మా," అన్నాడు, "ఏం మొక్కు?"