పైడమ్మకి చెప్పని మాట

వార్డులో మంచాల మధ్య జీడిపిక్కలు ఆరబోసి ఉన్నాయి, అడుగేస్తే చెప్పుల కింద దొర్లుతున్నాయి, ఇది ఒంట్లో తెల్లకణాలు పడిపోయినవాళ్ళు పడుకునే చోటు, ఇక్కడ ఇంత దుమ్మా, ఎవరు పోశారివి అని అరుద్దామంటే మాస్కు మూతికి అతుక్కుపోయి మాట బయటికి రావడం లేదు. కిటికీల అవతల మంచో పొగో తెలియని తెల్లదనం. ఆరో నంబరు మంచం పక్కన ఒకావిడ పీటేసుకుని కూర్చుని కర్రతో పిక్కలు కొడుతోంది. జీడి కారి నల్లబడ్డ ఆ వేళ్ళు చూసి గుర్తుపడతాను. సన్యాసమ్మ. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళే మనిషి, రక్తం క్యాన్సరుతో మా వార్డులో నలభై రోజులుండి పోయిన నెలలో చనిపోయింది. మందులకి ఊడిపోయిన జుట్టు ఇప్పుడు నడుం దాకా ఉంది. చనిపోయిందని తెలిసి కూడా, నర్సు చెయ్యి కదా, అలవాటుగా నాడి చూడబోతాను. విదిలించి కొడుతుంది.

"ఇప్పుడేటి సూస్తావు, సిస్టరమ్మా?"

"చూశాను, సన్యాసమ్మా. ఆ మధ్యాహ్నం రెండింటికి నువ్వు చలికి ఎగిరెగిరి పడుతుంటే నూట రెండు జ్వరం చూసింది నేనే. డ్యూటీ డాక్టరుకి మూడుసార్లు ఫోన్ చేశాను. జ్వరం మాత్ర వెయ్యండి, రౌండ్సుకొచ్చి చూస్తాను అన్నాడు. మూడుసార్లూ అదే మాట."

చెబుతుంటే నాకు మళ్ళీ ఒళ్ళు మండుతోంది. తెల్లకణాలు లేని ఒంటికి జ్వరమొస్తే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి, ఆ సంగతి ట్రైనింగుకి వచ్చిన మొదటివారంలోనే నేర్పుతారు. ఆ మందు పది అడుగుల దూరంలో బీరువాలో ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది, డాక్టరు రాయందే నేను ఎక్కించకూడదు. ఆయన ఆరింటికి వచ్చాడు. అప్పటికే ఆమె బీపీ జారిపోతోంది. ఆ బీరువా ఇప్పుడు మా ఇద్దరి మధ్యా నిలబడి ఉంది, రెండు చేతులతో గుద్దుతున్నాను, గుద్దేకొద్దీ అది రైలుపెట్టెలా వెనక్కి జరిగిపోతోంది, దాని వెంట గోడా, గోడ వెంట వార్డూ వెళ్ళిపోయి, మేమిద్దరం ఆరుబయట ఎండలో పిక్కల మధ్య మిగిలిపోతాం.

"అది నానడగనేదు," అంటుంది సన్యాసమ్మ. "జొరం నాకొచ్చింది, సచ్చింది నాను. మరి మా సెల్లినేల సంపేసినారు?"

నాకు తెలుసు ఆమె ఏం అడుగుతోందో.

జ్వరమొచ్చిన మూడోరోజు పొద్దున్న, ప్రాణం పోయిన అరగంటకి, అదే డాక్టరు ఆమె చెల్లెలు పైడమ్మతో అన్నాడు: "పచ్చివి పెట్టొద్దని చెప్పాం కదమ్మా. ద్రాక్షపళ్ళు పెట్టావు. ఇన్ఫెక్షన్ రాక ఏమవుతుంది?" అక్క నోరు చేదుగా ఉందని బతిమాలితే నాలుగంటే నాలుగు పళ్ళు, వేడినీళ్ళలో కడిగి మరీ పెట్టింది. ఆ మాట వినగానే పైడమ్మ తన కుడిచెయ్యిని గోడకేసి కొట్టుకుంది. నేను వెనకాలే ట్రే పట్టుకుని నిలబడ్డాను.

"అప్పుడు నీ నోటికేటయింది?"

"కాంట్రాక్టు ఉద్యోగం, సన్యాసమ్మా. మాట్లాడితే మర్నాడు రానక్కర్లేదంటారు."

"మా పైడమ్మ ఆ సేత్తో నా గుంటకి అన్నం కలిపి పెట్టనేకపోతంది. నా సెయ్యి ఇసం అంటంది. పక్కింటోలు పెడతన్నారు నా పిల్లకి కూడు."

"నన్నొక్కదాన్నే అడుగుతావేం?" అరుస్తాను. మాస్కు చిరిగి మాట బయటపడుతుంది. "నాలుగు గంటలు నేను కాళ్ళు కాలిన పిల్లిలా తిరిగాను! ఆయన్ని అడుగు! ఆయన కలలోకి వెళ్ళు!"

సన్యాసమ్మ చేతిలో కర్ర పక్కన పెడుతుంది. మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూస్తుంది.

"ఆడి కల్లోకి ఏ పేరుతో ఎల్తాను? ఆడికి నాను ఆరో నంబరు మంచాన్ని. పేరు తెలిసినదానివి నువ్వొక్కర్తెవే."

ఇంకేదో అనాలని నోరు తెరిచాను, తెరిచిన నోటితోనే మెలకువ వచ్చింది. హాస్టలు గదిలో ఎండ మంచం దాకా వచ్చేసింది. పిడికిళ్ళు బిగుసుకుపోయి అరచేతుల్లో గోళ్ళు దిగాయి. కోపం ఎక్కడికీ పోలేదు, ఎవరి మీదో చెప్పాల్సి వస్తే మొదటి పేరు నాదే.

మొహం కూడా కడుక్కోకుండా ఫోన్ తీశాను. వార్డులో ఉన్న రోజుల్లో పైడమ్మ నాకు ఫోన్ చేసిన నంబరు ఇంకా అందులో ఉంది. మూడో రింగుకి ఎత్తింది.

"పైడమ్మా, నేను రోజ్లిన్ సిస్టర్ని. అక్క నీ పళ్ళ వల్ల పోలేదు. జ్వరం వచ్చాక నాలుగు గంటలు మందు ఎక్కించలేదు. ఆ వేళలన్నీ కేసు షీట్లో నా చేత్తో రాసి ఉన్నాయి. ఎవరడిగినా చెబుతాను. నీ చేతిలో ఏ విషమూ లేదమ్మా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అచ్చం అక్క గొంతుతో అడిగింది:

"మరిన్నాల్లూ ఏల సెప్పనేదు, సిస్టరమ్మా?"