చిలకమ్మ రక్తపు చుక్క

నేను ఒక మైక్రోస్కోపును. పుస్తకాల్లో నన్ను సూక్ష్మదర్శిని అంటారు గానీ, నేను పనిచేసిన మన్యం ఆసుపత్రిలో అందరికీ ‘రక్తం చూసే మిషను’నే. అంబాలాలో ఒక చిన్న కార్ఖానాలో నా కటకాలు బిగించారు. రైల్లో, లారీలో, చివరికి జీపులో కొండలెక్కాను. మొదటి రెండేళ్లూ నన్ను పెట్టెలోంచి తీసినవారు లేరు. అడుగున ఉండే అద్దాన్ని మాత్రం కాంపౌండరు ఊడదీసి తల దువ్వుకోవడానికి వాడుకున్నాడు. మనుషులకు ముందు తమ ముఖం కనిపించాలి. ఎదుటివాడి రక్తం తర్వాత.

ఆ తర్వాత ల్యాబ్ టెక్నీషియనుగా కృపావరం వచ్చాడు. ఏలూరు వైపు మనిషి. అద్దం వెనక్కి తీసుకుని, నన్ను మెత్తని గుడ్డతో తుడిచి కిటికీ వెలుగులో కూర్చోబెట్టాడు. జ్వరమని వచ్చిన ప్రతివారి వేలి నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద పూసి, రంగు వేసి, నా కింద పెట్టేవాడు. మలేరియా క్రిమి ఎర్రకణంలో సన్నని నీలం ఉంగరంలా కనిపిస్తుంది. దానికో ఎర్రని చుక్క, పొదిగిన రాయిలా. అది లేదని రాయాలంటే కనీసం వంద చోట్ల వెతకాలి.

ఒక వానాకాలంలో పాంగి చిలకమ్మ, ఏడో నెల గర్భిణి, భర్త సోమ్రాతో కొండ దిగి నడిచి వచ్చింది. ఆ రోజు బల్ల మీద డెబ్భై పలకలున్నాయి. కృపావరం ఆమె పలక మీద ఇరవై చోట్ల చూసి ‘లేదు’ అని రాసేశాడు. క్రిములు పలక అంచున ఉన్నాయి. పలకను అక్కడిదాకా జరపడం నా వల్ల అయ్యే పని కాదు. జ్వరం బిళ్లలిచ్చి పంపేశారు.

మూడోరోజు పొద్దున ఆమెను డోలీలో మోసుకొచ్చారు. స్పృహ లేదు. పళ్లు గిట్టకరచుకుపోయాయి. దారిలోనే రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. డాక్టరు సులోచన మళ్లీ రక్తం తీయించింది. ఈసారి వెతకాల్సిన పని లేకపోయింది. ఎటు చూసినా ఉంగరాలే. మలేరియా మెదడుకెక్కిందని, రక్తంలో చక్కెర బాగా పడిపోయిందని చెప్పి, డాక్టరు గ్లూకోజు ఎక్కించి ఆర్టిసునేట్ ఇంజెక్షను మొదలుపెట్టింది. వాగు పొంగడంతో పెద్దాసుపత్రికి దారి లేదు.

కృపావరం గదిలోకొచ్చి తలుపు వేసుకున్నాడు. డబ్బాలోంచి చిలకమ్మ పాత పలక తీసి నా కింద పెట్టాడు. ఈసారి అంచుదాకా వెళ్లాడు. దొరికాయి. ఆ పలకను కడిగేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కాసేపు కుళాయి వైపు చూశాడు కూడా. తర్వాత దాన్ని పట్టుకుని ముందు డాక్టరు దగ్గరకు, అటునుంచి వరండాలో ఉన్న సోమ్రా దగ్గరకు వెళ్లాడు. తొందరలో సరిగ్గా చూడలేదని, ఆ రోజే మందు పడాల్సిందని చెప్పడం కిటికీలోంచి నాకు వినిపించింది.

సోమ్రా అడిగాడు. “నువ్వు సెప్పకపోతే నాకు తెలీదు గదా. ఎందుకు సెప్పినావు?”

“చెప్పకుండా రేపు ఇంకొకరి రక్తం ఎలా చూడను, తమ్ముడూ?”

సోమ్రా లేచి భార్య మంచం దగ్గరకు వెళ్లిపోయాడు.

రెండు రోజులకు చిలకమ్మ కళ్లు తెరిచింది. బిడ్డ కడుపులోనే పోయింది.

ఏడాదిన్నర తర్వాత ఆమె ఒక్కతే వచ్చింది. మళ్లీ కడుపుతో ఉంది. ఒళ్లు వెచ్చగా ఉంది. వేలు చాపే ముందు, తన బిడ్డను తిన్నది ఎలా ఉంటుందో చూపించమని అడిగింది. కృపావరం వేరొకరి పలక పెట్టి పక్కకు జరిగాడు. ఆమె నాకు కన్ను ఆనించి ఊపిరి బిగబట్టింది.

“ఇంత సిన్నదా,” అంది. కాసేపటికి, “సక్కగుంది,” అంది.

కృపావరం తల వంచుకున్నాడు. ఆమె వేలు చాపింది. “ఇప్పుడు నాది సూడన్నా. తొందరపడకు.”

బయట జనం విసుక్కుంటున్నా, అతను ఆ పూట మూడు వందల చోట్ల చూశాడు. ఎక్కడా లేదు. అయినా రెండు రోజులాగి మళ్లీ రమ్మన్నాడు. ఆమె వచ్చింది. మళ్లీ చూశాడు.

ఇప్పుడు రక్తపు చుక్క వేస్తే కార్డు మీద వచ్చే గీతలతో పావుగంటలో తేల్చేస్తున్నారు. నన్ను బీరువాలో పెట్టారు. నాకేం బాధ లేదు. అంత తొందరగా మందు పడితే అదే మేలు. చిలకమ్మ మాత్రం కూతురికి జ్వరం వస్తే చంకనేసుకొచ్చి, కార్డు మీద గీత రాలేదంటే ఒక పట్టాన వెళ్లదు.

“మా కిరపావరం అన్నని పిలండి,” అంటుంది. “ఆయన లేదంటే లేదు.”

అప్పుడు బీరువా తెరుచుకుంటుంది.