ఇంగ్లీషులో రాసిన నీళ్ల మాట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు చలికాలంలో ఒక ఉదయం, కొత్త హెల్తు ఇన్‌స్పెక్టరు వరప్రసాదం మార్కాపురం బస్టాండు పక్కనున్న లక్ష్మీనరసమ్మ ఇడ్లీ హోటల్లోకి వచ్చాడు. బయటి మంచు, పొయ్యి మీది ఆవిరి కలిసిపోయి, తింటున్న పలకల కార్ఖానా కూలీలు నీడల్లా కదులుతున్నారు.

“తనిఖీ పుస్తకం ఉందా అమ్మా?”

ఆమె దేవుడి పటాల పక్కనుంచి తీసిచ్చింది. అట్ట నిండా పసుపు, కుంకుమ.

“పాత సారు నెలనెలా రాసిపోయినాడు నాయనా. నోటితో ఏమీ చెప్పల్యా. మంచి మాటలే అనుకోని పూజ చేస్తన్నా.”

అంతా ఇంగ్లీషే. నాలుగు నెలలూ ఒకే మాట. వరప్రసాదం మెల్లగా తెలుగులో చెప్పాడు. “పెరటి బావిలోకి మురుగు ఊరుతోంది. కాచకుండా ఆ నీళ్లు తాగడానికి ఇవ్వకూడదు.”

“మొదట ఎప్పుడు రాసినాడు?”

“జూలై పదిన. ఆషాఢంలో.”

“మా ఆయన శ్రావణంలో పోయినాడు. వాంతులు, విరేచనాలు. చల్లగుండాయని ఆ బావి నీళ్లే అడిగి తాగినాడు.”

వరప్రసాదం పుస్తకం మూశాడు. ఆమె పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, హోటలు మూసేసింది.

రెండు రోజులు బావిగట్టు మీదే కూర్చుంది. లోపలి నీళ్లలో మబ్బులు నిదానంగా పోతున్నాయి. ఒకసారి ఆయన తలపాగా కనిపించినట్టయింది. వంగి చూస్తే తెల్లమబ్బు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తేలక, ఆ మబ్బు దాటిపోయేదాకా చూసింది.

మూడోనాడు చేదతాడు విప్పేసింది. ఊరి బయట కాటమరాజు తోట బావినుంచి బండి మీద నీళ్లు తెప్పించి, పెద్ద కాగులో కాచింది. వరప్రసాదాన్ని పిలిపించి, చేతికి బొగ్గు ఇచ్చింది.

“గోడ మీద రాయి నాయనా. తెలుగులో, పెద్దగా.”

‘ఇక్కడ కాచిన నీళ్లే ఇస్తాము’ అని రాశాడు.

“ఇందులో నీళ్లు యాడుండాయి?”

చూపించాడు. ఆ రెండక్షరాల మీద ఆమె వేలితో నిదానంగా దిద్దింది. వేలు నల్లబడింది. మళ్లీ దిద్దింది.

వెనకనుంచి ఒక కూలీ గ్లాసు ఎత్తి చూశాడు. “ఇదేందక్కా, నీళ్లు కాలతాండాయి?”

“ఊదుకోని తాగు నాయనా,” అంది లక్ష్మీనరసమ్మ.