రాగి గిన్నె మునిగేలోపు

బాహాకి ఉన్నది ఒక్క కన్ను. రెండోదాన్ని చిన్నప్పుడే ఖర్జూరపు ముల్లు పొడిచేసింది. ఆ ఒక్క కంటితోనే ఇరవై ఆరేళ్ళుగా ఊరి కాలువ నీళ్ళకి వంతులు వేస్తున్నాడు. తొట్టి నీళ్ళ మీద రాగి గిన్నె వదులుతాడు. గిన్నె అడుగున సన్నని చిల్లి. అది నిండి మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు. బాహా చెయ్యెత్తగానే ఆ పొలానికి నీళ్ళు ఆపేస్తారు, పక్క పొలానికి వదులుతారు. అతని చేతికి ఎదురు చెప్పినవాడు లేడు.

ఆ కంట్లోనే నల్లటి తెర దిగింది. చూపుతో తిరిగొస్తే గిన్నె నీది, లేకపోతే నీ మేనల్లుడు జాయిద్‌ది అని పెద్దలు తేల్చేశారు. కొండ అవతలి మర్రాకేష్ పట్నం ఆసుపత్రికి తోడు వెళ్ళాలంటే అక్కడి మాటా చదువూ తెలిసినవాడు కావాలి. ఊళ్ళో అలాంటివాడు జాయిద్ ఒక్కడే.

డాక్టరమ్మ ఊడిన రెటీనా అతికించింది. అది మళ్ళీ ఊడకుండా కంటి నిండా గ్యాస్ నింపింది. రాత్రీ పగలూ ముఖం కిందికే ఉండాలంది. బాహా మణికట్టుకి ఆకుపచ్చ పట్టీ వేసి, దాని మీద రాసిందే జాయిద్‌కి రెండుసార్లు చెప్పింది. గ్యాస్ కరిగేదాకా, అంటే ఆరు వారాలు, విమానం ఎక్కకూడదు, కొండ ఎక్కకూడదు. ఎత్తుకి పోతే గ్యాస్ ఉబ్బి కంటిని చంపేస్తుంది.

"ఏమంటోందిరా?" అన్నాడు బాహా నేలని చూస్తూ.

"విమానం ఎక్కొద్దంట మావా."

బాహా పకపకా నవ్వాడు. "మనూళ్ళో విమానం దిగాలంటే ముందు ఆ కొండని పక్కకి జరగమనాలి."

పదో రోజు కన్ను బాగా అతుక్కుందని డాక్టరమ్మ సంతోషించింది. ఇంటికి పోవచ్చంటోందని జాయిద్ చెప్పాడు. ఊరు కొండ మీది తిష్కా కనుమకి అవతల ఉంది. బాహాని వ్యాను వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టి, ముఖం కింద దిండు పెట్టి, జాగ్రత్తగా తలుపు వేశాడు.

మలుపులు మొదలయ్యాక బాహా చెవులు దిబ్బడేశాయి. తర్వాత కన్ను సలిపింది. కనుమ మీదికి వచ్చేసరికి దిండుని పళ్ళతో కొరుకుతున్నాడు.

"కంట్లో మేకు దిగుతోందిరా. కిందికి పోనీ."

జాయిద్ శిఖరం దగ్గర బండి ఆపాడు. పుదీనా టీ చెప్పి, కుర్చీ ఎండలోకి లాక్కుని నింపాదిగా తాగాడు. ఇంకోటి చెప్పాడు. గంట దాటాక వ్యాను తలుపు తీశాడు.

"వెలుతురు కనిపిస్తోందా మావా?"

"లేదు."

"పట్టీ మీద ఇంకో మాట కూడా ఉంది. కొండ ఎక్కొద్దని. చెప్పడం మర్చిపోయాను."

పట్టీని కత్తితో కోసి లోయలోకి విసిరాడు.

ఊళ్ళో బాహా జరిగిందంతా చెప్పాడు. పెద్దలు పట్టీ ఏదన్నారు. డాక్టరు నీతోనే చెప్పిందా అన్నారు. ఆ భాష తనకి రాదన్నాడు బాహా. కొండెక్కితే కళ్ళు పోయేటట్టయితే ఊరంతా గుడ్డిదే కదా అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. గిన్నె జాయిద్ ముందుకి జరిగింది.

తొలి వంతు బాహా ఉల్లిమడిదే. అతను తొట్టి పక్కన చెవి ఒగ్గి కూర్చున్నాడు. మునిగిన గిన్నె అడుగు రాతికి తగిలి టంగుమంటుంది. ఆ చప్పుడు ఇరవై ఆరేళ్ళుగా అతనికి తెలుసు. ఇంకా రాలేదు. జాయిద్ చెయ్యెత్తాడు. బాహా మడికి నీళ్ళు ఆపేశారు.

"గిన్నె మునగలేదు," అన్నాడు బాహా.

"నువ్వు చూశావా మావా?"

చాలాసేపటికి గిన్నె టంగుమంది. అందరికీ వినిపించింది. నీళ్ళు అప్పటికే పెద్దల్లో ఒకాయన పొలంలోకి పారుతున్నాయి.